దీవిలో నేను పట్టని తాడు

మా ఇంట్లో పొద్దున ఎనిమిది దాటేదాకా పొయ్యి వెలిగేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు అట్లాగే గడిచింది. బావిలో మోటారు పడిందనో, పైపు అడుగున ఫుట్‌వాల్వుకు చెత్త పట్టిందనో కబురో ఫోనో వస్తే పొద్దున్నే వస్తుంది. వస్తే మా ఆయన తిని ఉండకూడదు. తిన్న కడుపుతో నీళ్ళలోకి దిగితే ఊపిరి నిలవదని మా మామ నేర్పిన మాట. ఆయన తినకుండా నేనెట్లా తింటాను? ఇద్దరమూ ఫోను గూట్లో పెట్టుకుని, ఎనిమిది అయ్యేదాకా చూసేవాళ్ళం. మోగకపోతే అప్పుడు బియ్యం కడిగేదాన్ని.

ఇప్పుడు ఆరింటికే స్టవ్ వెలిగిస్తున్నాను. వెలిగించి ఏం చెయ్యాలో తోచక టీ నీళ్ళు పెట్టి, అవి సగమయ్యేదాకా మరగనిస్తాను. ఆయన పోయి ఏడు నెలలయింది.

నాయన గురించి రాసిపెట్టమ్మా అని మా అమ్మాయి వెన్నెల ఒక నోటుబుక్కు ఇచ్చి పోయింది. కురిచేడులో కాపురం దానిది. నాకు ఐదో తరగతి దాకానే చదువు. మంచివే రాయాలని కూర్చున్నాను. కానీ ఆ దీవిలో నేను చేసింది రాయకుండా మిగతాది ఎంత రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయన పేరు పిచ్చయ్య. నోటితో ఎప్పుడూ పలకలేదు, కాయితం మీద ఇప్పుడే రాస్తున్నాను. మా ఊరు మార్కాపురానికీ పెద్దారవీడుకూ మధ్యలో ఉంటుంది. మాకు రెండెకరాల మెట్ట ఉంది కానీ ఆయన్ను ఎవరూ రైతని చెప్పరు. బావి పిచ్చయ్య అంటారు. బావిలో ఏం పడినా మునిగి తీసేవాడు. మోటార్లు, పైపులు, బిందెలు, ఒకసారి ఎవరిదో దూడ. మా వైపు పలకల రాయి తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. వాటిలో వాననీళ్ళు నిలిచి తాటిచెట్టంత లోతుంటాయి. వాటిలో మనుషులు పడి పోయినా ఆయన్నే పిలిచేవాళ్ళు. మోటారు తీస్తే కూలి తీసుకునేవాడు. మనిషిని తీస్తే తీసుకునేవాడు కాదు. ఆ రోజు గడప బయటే స్నానం చేసి, పొద్దుగూకేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

దిగేముందు ఆయన ఆ బావి నీళ్ళు దోసిట్లో తీసుకుని, ఒక గుక్క పుక్కిలించి పక్కన ఉమ్మేవాడు. ఏ నీళ్ళలోకి దిగుతున్నామో నాలుకకు తెలియాలనేవాడు. తరవాత నడుముకు నూలు తాడు కట్టుకునేవాడు. ఆ తాడు రెండో కొస నా చేతిలో ఉండేది.

అది మా ఇంటి పద్ధతి. మా మామ దిగితే మా అత్త పట్టింది. పెళ్ళయిన నాలుగో నెలలో అత్త నన్ను రెండు చేతులూ చాపమని, తాడు కొస వాటిలో పెట్టింది.

"మగోళ్ళు పట్టుకుంటే బీడీ ముట్టించుకుంటారు, ఊరి సంగతులు మాట్లాడతారు. నీ మొగుడు కింద ఉంటే నీకు ఊరి సంగతులు గుర్తుకు రావు. అందుకే ఇంటి ఆడదే పట్టాల. తాడు చేతిలో ఉన్నంతసేపు ఎవురు పలకరిచ్చినా పలకొద్దు" అంది.

కింద నుంచి ఒకసారి లాగితే బాగున్నానని అర్థం. రెండుసార్లు లాగితే ఇంకొంచెం తాడు వదలమని. మూడుసార్లు లాగితే ఇంక ఆగకుండా పైకి లాగెయ్యమని. ఇరవై ఆరేళ్ళలో మూడు లాగులు వచ్చింది ఐదుసార్లే. ఆ ఐదూ ఏ బావులో, పైకి వచ్చినప్పుడు ఆయన పెదాలు ఏ రంగులో ఉన్నాయో ఇప్పుడడిగినా చెప్పగలను.

పైకొచ్చాక, మోటారు సొంతదారు గట్టు మీద ఎంత తొందరపడుతున్నా సరే, ఆయన ముందు నా దగ్గరికి వచ్చి కింద ఏముందో చెప్పేవాడు. "ఈ బావిలో రాతి మెట్టు మీద ఎవురో చేప బొమ్మ చెక్కినారే నరసా. చేతికి తగిలింది" అనేవాడు. తగిలింది అనేవాడే కానీ కనపడింది అనేవాడు కాదు. మా బావుల్లో కాలు పెడితే ఒండ్రు లేస్తుంది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. చెప్పడం అయ్యాక తాడు విప్పి నాకిచ్చేవాడు. దాన్ని ఎండలో పరిచి, ఆరినాక చుట్టి కొక్కేనికి తగిలించడం నా పని. తడి తాడు చుట్టిపెడితే లోపల్లోపల చీకిపోతుంది. పైకి మాత్రం బాగానే కనపడుతుంది.

మార్కాపురంలో మోటార్లమ్మే డీలరు ప్రభాకరరావు అని ఉన్నాడు. చాలా ఏళ్ళ కింద ఆయన తమ్ముడు పలకల గుంతలో పోతే మా ఆయనే దిగి తీశాడు. ఈయన పోవడానికి రెండేళ్ళ ముందు, జనవరిలో, కంపెనీవాళ్ళు డీలర్లనందరినీ అండమాన్ దీవులకు తీసుకుపోతుంటే, ప్రభాకరరావు తన అమ్మానాన్నలకని పెట్టుకున్న రెండు టిక్కెట్లు మిగిలాయట. ఆయనే బండేసుకుని మా ఇంటికి వచ్చాడు.

"పిచ్చయ్యన్నా, పుట్టినప్పటినుంచి నువ్వు చీకటి నీళ్ళలోనే మునిగినావు. ఒక్కసారి అడుగు కనపడే నీళ్ళు చూసిరా. ఆడ గాలి సిలిండరు కట్టి సముద్రం అడుక్కు దింపుతారంట. వదినను కూడా తోడకపో."

"అడుగు కనపడుతాదా సార్?"

"చేపల కళ్ళు కూడా కనపడతాయంట."

ఆ రోజంతా ఆయన కందిచేలో తనలో తనే నవ్వుకున్నాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ "ఈసారి చేతికి తగిలిందని చెప్పనే. కనపడిందని చెప్తా. ఏమేం కనపడినాయో అన్నీ నీకే ముందు చెప్తా" అన్నాడు. ఆయన ఆ దీవికి వచ్చింది అందుకే. వేరే ఏ సరదా ఆయనకు లేదు.

సంచి సర్దుతుంటే ఆయన కొక్కెం మీది తాడు తెచ్చి లోపల పెట్టాడు.

"ఏందయ్యా ఇది? విమానంలో తాడేంది? ఎవురినన్నా కట్టేస్తావేమోనని దింపేస్తారు" అన్నాను.

"కింద డిక్కీలో వేస్తారంటలే. తాడు లేకుండా ఎట్ల దిగేది?"

"వాళ్ళ తాళ్ళు వాళ్ళకుండవా?"

"వాళ్ళకుంటాయి. నీ చేతికి అలవాటైన తాడు ఇదే గదా."

నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వులో ఏ దోషమూ లేదు.

మొత్తం ముప్పై రెండు మందిమి. ఒంగోలు, గుంటూరు, నరసరావుపేట డీలర్లూ వాళ్ళ భార్యలూ. చక్రాల పెట్టెలు, నల్ల కళ్ళద్దాలు. నేను మా చెల్లెలి చీరలు అడిగి తెచ్చుకున్నాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ మాట చెప్పి తీరాలి. తినేవి ఏం తెచ్చినా నాకూ పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి దీవికి పోయే ఓడలో గుంటూరామె నా పక్కన కూర్చుని "మీవారికి షాపు ఏ ఊళ్ళో అండీ?" అని అడిగింది.

బావుల్లో దిగి పడినవి తీస్తాడని చెప్పడానికి నోరు రాలేదు. అందులో శవాల మాట కూడా వస్తుంది. "మార్కాపురం దగ్గరండీ. మోటార్ల పని" అన్నాను.

"ఓ, సర్వీస్ సెంటరా?"

అవుననీ కాదనీ కాకుండా తల ఊపాను. ఓడ దిగేసరికి మేము సర్వీస్ సెంటరు వాళ్ళమయ్యాము. ప్రభాకరరావు భార్య స్వర్ణలత అది విని నా వైపు చూసింది కానీ ఏమీ అనలేదు. సాయంత్రం ఒంగోలు డీలరు ఈయన్ను "సర్వీస్ సెంటర్ ఎలా నడుస్తోందండీ?" అని అడిగాడు. ఈయన ఒక్క క్షణం నన్ను చూసి "నడుస్తాంది సార్, ఏదో" అన్నాడు. నా అబద్ధాన్ని ఆయన భుజాన వేసుకున్నాడని అప్పుడు నాకు తట్టలేదు. గండం గడిచిందనుకున్నాను.

ఆ దీవి చాలా చిన్నది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు ఆటోలో పావుగంట. కొబ్బరిచెట్లు, వక్కచెట్లు, తెల్లటి ఇసక. నీళ్ళు మైలుతుత్తం కలిపినట్టు నీలంగా ఉన్నాయి. మా వైపు బిందె నీళ్ళకు ట్యాంకరు వెనక పరుగెత్తిన మనిషిని, అన్ని నీళ్ళు చూసి ముందు భయపడ్డాను. సముద్రం తొలిచిన రాతి వంతెన ఒకటుంది, అక్కడ అందరూ ఫోటోలు దిగారు. పొద్దున నడుముదాకా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి ఎంతో దూరం వెనక్కి పోయి, అడుగున రాళ్ళన్నీ బయటపడ్డాయి. ఈయన వాటి మధ్య గొంతుకూర్చుని "ఎవురో పెద్ద మోటారు పెట్టి తోడేసినారే నరసా" అన్నాడు. ఒక గుంటలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, అలవాటుగా తడిమాడు. మళ్ళీ కళ్ళు తెరిచి, చూస్తే కనపడుతోందని గుర్తొచ్చి నవ్వాడు.

మూడో రోజు పొద్దున నీళ్ళలోకి దింపడం. ఒడ్డున రేకుల షెడ్డు, సంతకాల కాయితాలు, ఒంటికి అతుక్కునే నల్ల రబ్బరు బట్టలు. మగవాళ్ళు నలుగురు నలుగురుగా దిగాలి. ఆడవాళ్ళం ప్లాస్టిక్ కుర్చీల్లో కొబ్బరిబొండాలు తాగుతూ చూస్తున్నాం. దింపేవాడు విజయ్ కుమార్ అని తెలుగబ్బాయే. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడట.

"ఒక్కటే గుర్తు పెట్టుకోండి. ఊపిరి బిగపట్టకూడదు. నోట్లో గొట్టం నుంచి పీలుస్తూ వదులుతూ ఉండాలి" అన్నాడు.

"బిగపట్టకుండా నీళ్ళలో ఎట్లుండేది సార్?" అన్నాడీయన. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

తరవాత అలల దగ్గరికి పోయి, దోసిట్లో నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఉమ్మాడు. "మన హనుమంతునిపాడు బోరు నీళ్ళ కంటే రవ్వంత ఎక్కువ ఉప్పు, అంతే" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నాకు నవ్వు తగ్గింది. ఆ తరవాత సంచిలోంచి తాడు తీశాడు. చుట్ట విప్పి, రబ్బరు బట్ట మీద నడుముకు కట్టుకున్నాడు. ఇప్పుడు నవ్వు వేరేగా వచ్చింది.

"ఏంటి పిచ్చయ్యగారూ, గేదెను కట్టేసినట్టు! వదిలితే మేడం గారిని ఇక్కడే పెట్టి పారిపోతారా?" అని ఒంగోలు డీలరు ఫోను పైకెత్తి వీడియో తియ్యడం మొదలుపెట్టాడు.

ఈయన వాళ్ళను పట్టించుకోలేదు. ఇసకలో నడుచుకుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చి, తాడు కొస నా ముందుకు చాపాడు.

"పట్టు నరసా."

విజయ్ కుమార్ వెనకే వచ్చాడు. వద్దంటాడని నేను ఆశపడ్డాను. ఆ అబ్బాయి వద్దనలేదు. "ఫర్వాలేదమ్మా, మొదట పది నిమిషాలు ఈ ఒడ్డు దగ్గరే ఇసక మీద నేర్పిస్తాను. అంతవరకూ పట్టుకోండి. భయం తీరాక విప్పేద్దాం. ఎవరి అలవాటు వాళ్ళది" అన్నాడు.

గుంటూరామె వంగి "అంటే మీరు రోజూ ఇలా పట్టుకుంటారా అండీ?" అని అడిగింది. ఎగతాళిగా కూడా కాదు. తెలుసుకుందామని అడిగింది.

"లేదండీ. నేనెప్పుడు పట్టుకున్నాను? తాళ్ళ సంగతి నాకేం తెలుసు? ఈయనకేదో పిచ్చి" అన్నాను. వాళ్ళ మాటతీరు కూడా తెచ్చిపెట్టుకుని అన్నాను.

కుర్చీలన్నీ నవ్వాయి.

ఆయన చెయ్యి ఇంకా చాపే ఉంది. నా చేతులు ఒళ్ళో, పైట కింద ఉన్నాయి. ఆయన నా ముఖం చూడలేదు. నా చేతులున్న చోటు చూశాడు. ఇసకలో కూర్చుని ముడి విప్పుకున్నాడు. తాడు ఆయనే చుట్టాడు. ఆయనది ఎడమచేతి వాటం. నేను చుట్టే తీరుకు ఎదురు తిప్పి చుట్టి, సంచిలో పెట్టి, "పోదాం పా సార్" అన్నాడు.

మిగతావాళ్ళు అరగంట ఉన్నారు. ఈయన నాలుగైదు నిమిషాలకే పైకొచ్చాడు, దగ్గుకుంటూ. విజయ్ కుమార్ రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. "ఊపిరి బిగబట్టేస్తున్నారండీ. చెయ్యి ఊరికే నడుం మీదికి పోతోంది. కాసేపాగి మళ్ళీ చూద్దామా?" అన్నాడు.

"వద్దు సార్. చాల్లే."

"మోటార్లయితే మునుగుతాయి గానీ, మోటార్ల ఓనర్లు మునగలేరండీ" అన్నాడు ఒంగోలాయన. అప్పుడైనా నేను లేచి చెప్పి ఉండొచ్చు. నలభై అడుగుల గుంతలో, ఏ సిలిండరూ లేకుండా, చచ్చిన మనిషిని రెండు చేతులతో ఎత్తి తెచ్చిన మనిషి ఈయనని. బొండాంలో పుల్ల తిప్పుతూ కూర్చున్నాను.

ఆయన తువ్వాలతో తల తుడుచుకుంటుంటే దగ్గరికి పోయి "ఏం కనపడిందయ్యా?" అన్నాను.

"నీళ్ళు" అన్నాడు.

ఊరికి వచ్చిన పదో రోజు పొద్దున ఏడింటికి ఫోను వచ్చింది. నేను కొక్కెం దగ్గరికి పోయాను. ఆయన నా కంటే ముందే తాడు అందుకుని "నువ్వుండు. గిద్యోనుకు చెప్పినా" అన్నాడు. గిద్యోను పెద్దారవీడులో మోటార్లు బాగుచేస్తాడు. ఏ బావికైనా ఎట్లాగూ వస్తాడు. ఆ రోజు నుంచి తాడు గిద్యోనే పట్టాడు. ఆరబెట్టడం, చుట్టడం ఈయనే చేసుకున్నాడు.

కోపం చూపించలేదు. నా చేతి వంటే తిన్నాడు, నాతో నవ్వాడు, సీతాఫలాల కాలంలో కొండ మీది కాయలు ఏరి తెచ్చాడు. ఎనిమిది దాకా ఎప్పటిలాగే ఇద్దరమూ ఫోను చూస్తూ కూర్చున్నాం. మోగితే ఆయన గిద్యోను బండెక్కి పోయేవాడు. తిరిగి వచ్చేదాకా నేనూ తినేదాన్ని కాదు. వచ్చాక "కింద ఏముంది?" అంటే "ఏముంటాది, మోటారు" అనేవాడు.

క్షమించమని అడగాలని రోజూ అనుకున్నాను. అడగాలంటే ఆ రోజు అన్న మాట మళ్ళీ నా నోటితో అనాలి. రేపు, రేపు అనుకుంటూ రెండేళ్ళు గడిపాను.

ఆ రెండేళ్ళలో ఒక వింత జరిగింది. రేషను దగ్గర, బస్సులో, ఎక్కడ కనపడ్డా ఆడవాళ్ళు "చేతులెట్లున్నాయి నరసమ్మా?" అని అడిగేవాళ్ళు. పలకరింపు అనుకుని "బాగున్నాయి" అనేదాన్ని. ఒక ముసలామె ఆముదం సీసా ఇచ్చి గోరువెచ్చగా రుద్దుకోమంది. ఎందుకిచ్చిందో తెలియకనే తీసుకున్నాను.

ఆయన బావిలో పోలేదు. ఒక మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చాడు. తాడు పిట్టగోడ మీద పరిచి, ఆరేదాకా ఉండి, చుట్టి, కొక్కేనికి తగిలించాడు. మంచినీళ్ళడిగాడు. నేను చెంబు తెచ్చేసరికి గోడకు ఆనుకుని పక్కకు ఒరిగి ఉన్నాడు. మార్కాపురం చేరేలోపే అయిపోయింది. గుండె అన్నారు.

పోయిన శుక్రవారం గిద్యోను ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడి తల గోక్కున్నాడు.

"వదినా, శివకృష్ణ అని ఒకాయన బావుల్లో దిగుతానంటన్నాడు. ముప్పై ఏళ్ళోడు, ఇంకా పెళ్ళి కాలేదు. తాడు నేనే పట్టాల. అన్న తాడిస్తావేమోనని..."

"ఇయ్యను."

"సరేలే, కొత్తది కొంటా. ఏమనుకోవాకు." పోబోయి ఆగాడు. "చేతులెట్లున్నాయి ఇప్పుడు?"

"అందరూ ఇదే అడుగుతారేంది గిద్యోనూ? నా చేతులకేమైంది?"

గిద్యోను నన్ను వింతగా చూశాడు. "అదేంది వదినా? కీళ్ళు పట్టేసినాయి గదా నీకు. ఆ దీవిలో సముద్రం గాలికి చేతులు బిగుసుకుపోయినాయని, తాడు పట్టుకోలేకపోతాందని అన్న చెప్పినాడు గదా. ఎవురడిగినా ఇదే చెప్పినాడు. ఆమె ముందర తాడు మాటెత్తొద్దురా, బాధపడతాది అన్నాడు. ఇరవై ఆరేళ్ళు పట్టిందిరా, ఒక్కసారి కూడా చెయ్యి జారనియ్యలేదు అనేవాడు."

నేను గడప మీద కూర్చున్నాను.

ఎప్పుడూ పట్టలేదని నేను ముప్పై మంది ముందు అన్నాను. ఇరవై ఆరేళ్ళు పట్టిందని ఆయన ఊరూరా చెప్పాడు. నా మాట ఎవరికీ తెలియకుండా నా చేతులకు జబ్బు అంటగట్టి దాచాడు. ఓడలో నేనన్న సర్వీస్ సెంటరు అబద్ధాన్ని దాచినట్టే.

గిద్యోనుకు అంతా చెప్పేశాను. కుర్చీలు, బొండాలు, నేనన్న మాట. అతను వంగి చెప్పులో ఇసక దులుపుకున్నాడు.

"నాకు తెలిసుంటే పట్టుండేవాణ్ణి కాదు వదినా" అన్నాడు. "నేను పట్టినప్పుడల్లా తిట్టేవాడు. నీ బీడీ వాసన తాడెంబడి కిందికొస్తాందిరా అనేవాడు. మీ వదినైతే ఊపిరి కూడా మెల్లగా తీస్తాది, ఆ నిమ్మళం కిందికి తెలుస్తాది అనేవాడు."

ఆదివారం వెన్నెల వచ్చింది. దీవిలో నీళ్ళ కింద తీసిన వీడియో ఒకటి స్వర్ణలతమ్మ అప్పట్లోనే దాని ఫోనుకు పంపింది. నేను ఎప్పుడూ చూడలేదు. పెట్టమన్నాను.

ఆయన్ను నీళ్ళ కింద చూడడం నాకదే మొదటిసారి. ఇరవై ఆరేళ్ళు పైనే కూర్చున్నదాన్ని. జుట్టు గడ్డిలాగా మెల్లగా ఊగుతోంది. పసుపు చారల చేపలు కళ్ళద్దం ముందు నుంచి పోతున్నాయి. ఆయన కళ్ళు ఇంతింత చేసుకుని, చేపలకు వేలు చూపించి, వెనక్కి తిరిగాడు. ఒడ్డు వైపు. నేను కూర్చున్న వైపు. తరవాత ఎడమ చెయ్యి నడుము మీదికి పోయింది. తడిమింది. మళ్ళీ తడిమింది. ఏమీ లేని చోట పిడికిలి బిగించి లాగాడు. ఒకటి, రెండు, మూడు.

"నాయనెందుకమ్మా అట్ల చేస్తన్నాడు?" అంది వెన్నెల.

దానికీ చెప్పాను. అది ఫోను బోర్లించి పెట్టి, నా వైపు చూడకుండా, "అన్నం తిందువు రా" అంది. వాళ్ళ నాయన పోలికే.

మంగళవారం పొద్దున నేను స్టవ్ వెలిగించలేదు. ఏడున్నరకు గిద్యోనుకు నేనే ఫోను చేసి, ఎక్కడన్నా పనుందా అని అడిగాను. పెద్దారవీడు దగ్గర ఒక తోట బావిలో మోటారు తెగిపడిందన్నాడు. బండి మీద వచ్చి తీసుకుపోయాడు. కొత్త తాడు నైలాన్‌ది, పచ్చగా, చేతిలో జారుతూ ఉంది. శివకృష్ణ నన్ను చూసి మొహమాటపడి "నువ్వు పడతావా పెద్దమ్మా?" అన్నాడు.

బావి గట్టు మీద ఏడెనిమిది మంది ఉన్నారు. ఆ తోట ఇంటామె "చేతులు తగ్గినాయా నరసమ్మా?" అంది.

తాడు చేతిలోకి వచ్చాక మాట్లాడకూడదు. అందుకని ముందే చెప్పాను. "నా చేతులకు ఏ రోగమూ రాలేదు వదినా. దీవిలో పదిమంది ముందర సిగ్గుపడి, పట్టనన్నా. ఎప్పుడూ పట్టలేదని కూడా అన్నా. ఆయన నా మీద మాట రాకుండా చేతుల మీద పెట్టి చెప్పినాడు."

వెనక గుసగుసలు మొదలయ్యాయి. నేను తాడు పట్టుకున్నాను. శివకృష్ణ దిగాడు. కాసేపటికి కింద నుంచి ఒక్క లాగు వచ్చింది. ఆ లాగు ఆయనది కాదు. అయినా రెండు చేతులతో పట్టుకుని, మోటారు పైకొచ్చేదాకా ఎవరు పిలిచినా పలకలేదు. గుసగుసలు నా గురించే. అనుకోనిచ్చాను. అవి నేను దీవి నుంచి వచ్చినప్పుడే వినాల్సినవి.

నైలాన్ తాడు ఇంటికి తెచ్చి పిట్టగోడ మీద పరిచాను. ఆరినాక నా పద్ధతిలో చుట్టి రెండో కొక్కేనికి తగిలించాను. మొదటి కొక్కేనికి ఆయన తాడు ఉంది. ఏడు నెలలుగా విప్పలేదు. మధ్యలో వానలు పడ్డాయి, గోడ చెమ్మగిల్లింది. తీసి ఎండలో పరచకపోతే చీకిపోతుందని వెన్నెల చెప్పింది. నాకు తెలియని సంగతి కాదు. కిందికి దించి ఒళ్ళో పెట్టుకున్నాను. ఎడమచేతి వాటంగా తిరిగిన చుట్ట, కొస లోపలికి దోపి ఉంది. ఆ కొస ఒక్కటి లాగితే మొత్తం విడిపోతుంది. మళ్ళీ చుడితే అది నా చుట్ట అవుతుంది.

దాన్ని అట్లాగే కొక్కేనికి తగిలించాను. ఈ రోజు కూడా ఎండ బాగానే కాసింది. నేను దాన్ని విప్పలేదు.